సెలవుల ముందు గురువారం

సెలవులకు ముందు వచ్చే గురువారం నాడు ఎవరూ క్లాసుకు వెళ్ళకూడదు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఆ ఆడపిల్లల కాలేజీ పెట్టినప్పటినుంచీ అదే ఆనవాయితీ. ఏ గోడ మీదా రాసిపెట్టలేదు, ఏ పెద్దావిడా చెప్పలేదు. బుధవారం సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకమ్మాయి "రేపు అందరం మాయం" అని పెడుతుంది. కింద వరసగా గులాబీ పూలూ నవ్వు మొహాలూ పడతాయి. అక్కడితో ఒప్పందం అయిపోయినట్టే.

దీంట్లో ఒక లెక్క ఉంది. క్లాసులో పురుగు కూడా లేకపోతే టీచరమ్మ పాఠం ఎవరికి చెబుతుంది? వాయిదా పడిందని రాసేసి తనూ ఇంటికి పోతుంది. ఎవరికీ గైర్హాజరు పడదు. అలాకాక ఒక్కతె వెళ్ళి బెంచీ మీద కూర్చుందనుకోండి, ఆ ఒక్కదానికోసం పాఠం జరిగినట్టే. మిగతా అందరికీ పోర్టల్లో ఎర్రగుర్తు పడుతుంది. అందుకే వెళ్ళినదాన్ని ఆ తర్వాత ఎవరూ పలకరించరు. పోయినేడు ఒక ఈజిప్టు పిల్ల అలాగే వెళ్ళింది పాపం, ఏదో పరీక్ష భయంతో. చదువు అయిపోయేదాకా క్యాంటీన్లో గోడవైపు తిరిగి ఒంటరిగా తిన్నది. ఆ పిల్ల పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, 'ఆ గురువారంది' అంటేనే తెలుస్తుంది.

సబీనాకు ఈ ఏడు ఆ గురువారం పెద్ద ప్రాణసంకటమై కూర్చుంది.

నర్సింగు ఆఖరి సెమిస్టరు. సూదులూ కట్లూ మందులూ అన్నీ గట్టెక్కాయి. మిగిలిపోయింది ఒక్క ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు పొద్దున్నే మొదటి పీరియడు, తల్లి మదార్బీని ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందీ పొద్దున్నే. మదార్బీకి పిత్తాశయంలో రాళ్ళు. రాయచోటి దగ్గర పల్లెనుంచి వచ్చిన దూదేకుల మనిషి. ఇంట్లో తెలుగే, బయట కూడా తెలుగే. ఇన్నేళ్ళున్నా అరబ్బీ ముక్క ఒంటబట్టలేదు. నొప్పి ఎక్కడుందో డాక్టరుకు చెప్పాలంటే కూతురు పక్కన ఉండాల్సిందే. తండ్రి అబ్దుల్ ఘనీ కంపెనీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామునే క్యాంపు కూలీలను ఎక్కించుకుని సైటుకు పోయేవాడు. అందుకని సబీనా మానేసింది, మళ్ళీ మానేసింది. ఆసుపత్రి కాగితం తెచ్చి ఇస్తే కాలేజీవాళ్ళు, నీకు జబ్బు చేస్తే ఒప్పుకుంటాం గానీ మీ అమ్మకు చేస్తే కాదు అన్నారు.

నాలుగో వంతు క్లాసులు పోతే పరీక్ష రాయనివ్వరు. దాన్ని 'హిర్మాన్' అంటారు. సబీనా సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది. ఇంకొక్క ఎర్రగుర్తు పడితే అవతల పడుతుంది. పడితే మళ్ళీ సెమిస్టరులో రాసుకోవచ్చుగా అని ఎవరైనా అనవచ్చు. మళ్ళీ సెమిస్టరుకు సబీనా ఈ దేశంలో ఉండదు. ఘనీ పనిచేసే కంపెనీ ఈమధ్యే మూతపడింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, అందరికీ ఎగ్జిట్ కొట్టి దేశం దాటించేస్తున్నాడు. ఘనీ కాళ్ళావేళ్ళా పడితే, సరే నీ కూతురు పరీక్షలు అయ్యేదాకా ఆపుతాను అన్నాడు. తండ్రి ఇఖామా మీద, ఆ నివాసపత్రం మీద బతికే పిల్ల, తండ్రితోపాటే పోవాలి. పరీక్ష రాస్తే చేతిలో డిగ్రీతో పోతుంది. రాయకపోతే ఇన్నేళ్ళ చదువూ ఇక్కడే వదిలేసి పోతుంది.

ఇంగ్లీషు చెప్పేది సృజన మేడం. కరీంనగర్ ఆవిడ. ఈ కాలేజీలో ఏళ్ళతరబడి అదే పుస్తకం, అవే పేజీలు చెప్పి చెప్పి విసుగు కూడా అరిగిపోయిన మనిషి. ఆ పుస్తకంలో ఒక పాఠం ఉంది, నూటముప్పయ్యేళ్ళ కిందటి అమెరికా కాలేజీలో కుర్రాళ్ళ గురించి. పొద్దున్నే గంట కొడితే దుప్పట్లోంచి లేచి చలిలో ప్రార్థనకు పరిగెత్తేవాళ్ళట, పోకపోతే మార్కులు కోసేవాళ్ళట. హాస్టలు కూడు బాగాలేదని వాళ్ళ పత్రికలో వాళ్ళే రాసుకునేవాళ్ళట. ప్రొఫెసరు రావడం ఆలస్యమైతే క్లాసు క్లాసంతా ఒక్కసారిగా లేచి పారిపోయేదట. ఎవడైనా మంచిబాలుడు వెనక మిగిలిపోతే వాడిని ఏడాదంతా కూతలతో ఏడిపించేవాళ్ళట. ఈ ముక్క చదివినప్పుడు క్లాసంతా విరగబడి నవ్వింది. వీళ్ళు మనవాళ్ళేనే అన్నారు సౌదీ పిల్లలు.

ఆ రోజు మేడం ఆ మంచిబాలుడు చేసింది తప్పా ఒప్పా అని వాదన పెట్టింది. తప్పే అని వాదించింది జైనబ్. సూడాన్ పిల్ల, పొడుగ్గా, నవ్వితే గదంతా నవ్వినట్టుండే పిల్ల. సబీనాకు ఈ కాలేజీలో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. జైనబ్ వాళ్ళన్న టైర్ల కొట్లో పనిచేస్తాడు. వాళ్ళిల్లు ఆ కొట్టు వెనకే, దారిలోనే. కంపెనీ మూతపడ్డప్పటినుంచీ రోజూ ఘనీ పాత కారులోనే ఇద్దరూ వచ్చి పోతుంటారు. ఆ రోజు జైనబ్ బల్లగుద్ది మాట్లాడింది. ఒక్కడు మిగిలాడంటే మిగతావాళ్ళ నెత్తిన తన కాలు పెట్టి నిలబడ్డట్టే అంది. అందరూ చప్పట్లు కొట్టారు, సబీనా కూడా కొట్టింది.

అనడం సులువే. జైనబ్‌కు కూడా గీత దాకా వచ్చిందని సబీనాకు తెలుసు. వదిన కాన్పుకు పోయినప్పుడు పిల్లల్ని చూసుకుంటూ జైనబ్ చాలా క్లాసులు పోగొట్టుకుంది. ఆమె సీటు ఏదో ధర్మసంస్థ ఇచ్చింది. పరీక్షకు కూర్చోకపోతే ఆ సీటు రద్దు. తర్వాత ఫీజు కట్టడానికి వాళ్ళన్న దగ్గర ఏముంది, టైర్లు తప్ప. సొంతూరికి పోదామంటే అక్కడ యుద్ధం. ఇదంతా తెలిసే బుధవారం సాయంత్రం గ్రూపులో 'రేపు అందరం మాయం' కింద జైనబ్ నవ్వు మొహం పెట్టింది. దాని కింద సబీనా గులాబీ పువ్వు పెట్టింది.

పెట్టిందేగానీ ఆ రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఈసారి ఆఫీసువాళ్ళు కొత్త ఆర్డరు తెచ్చారనీ, క్లాసు ఖాళీగా ఉన్నా గైర్హాజరు వేసేస్తారనీ ఒక పుకారు. ఇలాంటి పుకారు ఏటా వస్తుంది, ఏటా ఉత్తదే అవుతుంది. ఈ ఏడు నిజమైతే?

పొద్దున్నే తండ్రితో, లైబ్రరీలో పనుంది, దింపు నాయనా అంది. ఘనీకి అంతా తెలుసు. కూతురి గులాబీ పూల రాజకీయం అర్థం కాదుగానీ, ఒక్క రోజు పోతే పరీక్ష పోతుందని మాత్రం తెలుసు. బస్సు పని ఎలాగూ లేదు. తల్లికి చెప్పకుండా ఇద్దరూ బయల్దేరారు. ఊరంతా మబ్బు దిగి ఉంది. లైట్లు వేసుకుని కారు మెల్లగా నడిపాడు. దారిలో టైర్ల కొట్టు దగ్గర ఆపలేదు. ఈరోజు ఆ పాప రాదా అని అడిగితే, రాదు, సెలవు పెట్టింది అంది సబీనా. గేటు దగ్గర దింపి, నేనిక్కడే ఉంటాలే అన్నాడు ఘనీ.

ఆమె అనుకున్నది ఇదీ. క్లాసులోకి పోదు. దగ్గర్లో ఎక్కడో దాక్కుని కనిపెట్టుకుని ఉంటుంది. ఇంకెవరైనా మాట తప్పి లోపలికి పోతే, లేదా మేడం నిజంగానే గైర్హాజరు వేసేట్టుంటే, ఎలాగూ ఒప్పందం పోయినట్టే కాబట్టి తనూ పరిగెత్తుతుంది. ఎవరూ పోకపోతే తనూ పోదు. అటు స్నేహం దక్కుతుంది, ఇటు పరీక్షా దక్కుతుంది. ఆ వయసులో ఎవరికైనా ఇలాంటి తెలివితేటలే పుడతాయి.

లైబ్రరీ క్లాసుకు కింది అంతస్తులో. మనిషి అలికిడి లేదు. బీరువాల వెనక చివరి బల్ల దగ్గరికి పోయి, ఏదో పుస్తకం తెరుచుకుని కూర్చుందామని మలుపు తిరిగింది. ఆ బల్ల దగ్గర అప్పటికే జైనబ్ కూర్చుని ఉంది. ముందు తెరిచిన పుస్తకం తలకిందులుగా ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు గుడ్లప్పగించి చూసుకున్నారు. జైనబ్ ముందు తేరుకుంది. పుస్తకం తిరిగిచ్చేద్దామని వచ్చానంది. వాళ్ళన్న దింపాడట. నేనూ అంతే అంది సబీనా. ఆమె చేతిలో తిరిగిచ్చేందుకు పుస్తకమే లేదు. జైనబ్ అది చూసింది. సబీనా ఎదురు కుర్చీలో కూర్చుంది.

అక్కడినుంచి మొదలైంది అసలు యాతన. పైకి పోయి చూసొద్దామంటే లేవాలి. ముందు లేచినది మాట తప్పినదవుతుంది. ఒక్కతే ఉంటే సబీనా ఈపాటికి మెట్లెక్కి తొంగిచూసేది. జైనబ్ కూడా అంతే, ఆ సంగతి ఆమె మెడ వాలకంలోనే తెలుస్తోంది. మాటిమాటికీ తలుపువైపు చూస్తోంది. ఒకరు లేకపోతే రెండోవాళ్ళు గట్టెక్కేవాళ్ళు. ఇద్దరూ ఉండి, ఒకరికొకరు కాపలా అయ్యారు. సెలవుల్లో ఏం చేస్తావని జైనబ్ అడిగింది. ఏముంది, అమ్మకు ఆపరేషను అంది సబీనా. పైన తలుపు చప్పుడైనట్టు వినిపించింది. ఇద్దరూ వినలేదన్నట్టు పుస్తకాల్లోకి చూశారు. పైన ఆకాశంలో ఊరి పక్క మిలిటరీ బేసునుంచి లేచిన విమానం ఒకటి అద్దాలు అదిరేట్టు పోయింది.

అప్పుడు రెండు ఫోన్లూ ఒక్కసారే బల్లమీద కొట్టుకున్నాయి.

పోర్టలు. ఎర్రగుర్తు. కింద అరబ్బీలో ఒక్క మాట, పరీక్షకు అర్హత లేదని. పుకారు ఈ ఏడు నిజమైంది. పీరియడు మొదలై పావుగంట దాటగానే టీచర్లు హాజరు వేసేయాలట, గది ఖాళీగా ఉన్నా సరే. సృజన మేడం పైన ఆ ఖాళీ బెంచీల ముందు పావుగంట కూర్చుంది. సబీనా కింద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక్క వరస మెట్లు.

జైనబ్ ఫోను బోర్లా పెట్టింది. నవ్వింది, తర్వాత ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఇద్దరం మూర్ఖులమే అంది చేతుల్లోంచే. నువ్వు లేస్తావేమోనని నేను చూస్తున్నాను అంది. కాసేపటికి జైనబ్ లేచి, మొహం కడుక్కుని రెండు రకాతులు చదువుకుంటానని నమాజు గదికి పోయింది. నాయనకు ఫోను చేసి గేటు దగ్గర కలుస్తాను అని చెప్పింది సబీనా.

ఫోను చేయలేదు. కాళ్ళు వాటంతటవే మెట్లెక్కి టీచర్ల గదులవైపు తీసుకుపోయాయి. ఏమని అడగాలో కూడా తెలియదు. కాలేజీలో తెలుగు వినిపించే చోటు అదొక్కటే, అంతే తెలుసు.

సృజన మేడం బూట్లు విప్పేసి, వాచిన కాళ్ళు చిన్న స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. సబీనాను చూసి కాళ్ళు దించలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే సంగతి తెలిసిపోయింది.

"నువ్వొచ్చినవా? మరి క్లాసుకెందుకు రాలే? ఏడున్నవ్?"

"కింద లైబ్రరీలో ఉండా మేడం."

"లైబ్రరీల ఏం జేస్తున్నవ్?"

సబీనాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది, అమ్మ ఆసుపత్రి, నాయన ఎగ్జిట్, గ్రూపులో పెట్టిన పువ్వు, అన్నీ. చెప్పేటప్పుడు 'నేను' అనే చెప్పుకుపోయింది. నేను వచ్చాను, నేను కూర్చున్నాను, నేను భయపడ్డాను. మేడం కళ్ళు మూసుకుని వింది. ఇలాంటివి ఆవిడ ఎన్ని విని ఉంటుందో. ప్రతి సెమిస్టరుకూ ఎవరో ఒకరు ఈ కుర్చీలో కూర్చుని ఏడుస్తారు. అందరికీ సాయం చేయడానికి ఓపిక లేదు, ఒక్కరికీ చేయకుండా ఉండడానికి మనసు లేదు.

చివరికి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి గుర్తు మార్చడానికి ఒక్క అవకాశం ఇస్తారట. తెరిచి మార్చి మూశామంటే మళ్ళీ తెరుచుకోదట. పొద్దున గది తాళం వేస్తున్నప్పుడు వచ్చిందని రాస్తాను, ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు అంది. సబీనా పేరు పక్కన ఎర్రది పసుపుగా మారింది. మేడం వేలు మీట మీద ఆగింది.

"నీతోని ఇంకెవరన్న ఉండిరా? ఉంటే ఇప్పుడే చెప్పు."

సబీనా నోరు తెరిచింది. ఆ గొంతులోని అలసట ఆమెను భయపెట్టింది. రెండో పేరు చెబితే ఈవిడ విసుక్కుంటుంది. ఇది పెద్ద తంటాలా ఉందే, మీరిద్దరూ పోయి డీన్ దగ్గర చెప్పుకోండి అంటుంది. ఒక్కదానికైతే జాలి, ఇద్దరికైతే ఫిర్యాదు. అలా అనిపించింది ఆమెకు. ఇంకా నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు, ఆ పసుపు గుర్తు చేజారిపోతుందన్న భయం తప్ప.

"ఎవురూ లేరు మేడం."

మీట నొక్కింది మేడం. తెర ఒకసారి తెల్లబడి మూసుకుంది. లాప్‌టాప్ మడిచి, బూట్లు తొడుక్కుంటూ, బరువు దిగినట్టు మాట్లాడింది.

"ఒక్కరికైనా ఇద్దరికైనా నాకు గదే ఒక్క నొక్కుడు. ఇంకెవలన్న వస్తరేమో, ఎట్లైనా తెరిచిన గద, వాళ్ళకు గూడ పెడుదునని చూసిన. ఒక్కదానివన్న వచ్చినవ్, నయం."

ఇప్పుడు చెప్పినా ఆ తెర తెరుచుకోదు. తెరుచుకున్నా చెప్పి ఉండేదా అంటే, అదీ ఆమెకు తెలియదు. థాంక్స్ మేడం అని మాత్రం అనగలిగింది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. దాని అడుగున ఎక్కడో, పరీక్ష రాస్తానన్న సంతోషం కూడా ఉంది. ఆ సంతోషమే ఎక్కువ నొప్పిగా ఉంది.

గేటు దగ్గర జైనబ్ నిలబడి ఉంది. ముఖం కడుక్కుని తేటగా ఉంది. మేడం గదివైపు పోయావా, ఉందా అని అడిగింది. లేదు, తాళం వేసుంది అంది సబీనా. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. పోనీలే అని జైనబ్ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నువ్వు కూడా ఉన్నావు కాబట్టి సరిపోయింది గానీ, ఒక్కదాన్నే అయితే ఇంటికి పోయి అన్నకు చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు అంది. ఇద్దరూ చేతులు పట్టుకునే కారు దాకా నడిచారు.

ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఆ పాప రాదంటివే అనలేదు ఘనీ. కారు కదిలాక అద్దంలో కూతుర్ని చూశాడు. పొద్దుటినుంచీ బిగబట్టుకున్న మాట అడిగాడు.

"హాజరు పెట్టిందామ్మా మేడం?"

"పెట్టింది నాయనా."

జైనబ్‌కు తెలుగు రాదు. కిటికీలోంచి మబ్బు చూస్తోంది. ఘనీ ఊపిరి వదిలాడు. ఒక చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పాపకూ పెట్టిందా?" అన్నాడు.

ఇంకేమనగలదు? "ఆఁ, పెట్టింది" అంది సబీనా.

ఘనీకి వచ్చిన అరబ్బీ మాటలు గుప్పెడు. కుడి, ఎడమ, ఆగు, రేపు, అయిపోయింది, బాగుంది. సంతోషమొస్తే అవన్నీ ఒకేసారి బయటికొస్తాయి. సిగ్నలు దగ్గర కారు ఆగగానే వెనక్కి తిరిగి జైనబ్‌ను చూసి నిండుగా నవ్వాడు.

"మబ్రూక్, బింతీ. ఇమ్తిహాన్ కువైస్. ఇంత, సబీనా, ఇత్నేన్ మబ్రూక్."

శుభం తల్లీ, పరీక్ష బాగుంది, నీకూ సబీనాకూ ఇద్దరికీ శుభమని ఆయన భావం. పెద్దాయన కాబట్టి జైనబ్ మర్యాదకు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగింది. మెల్లగా తల తిప్పి సబీనావైపు చూసింది. సబీనా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. జైనబ్ దాన్ని చూసింది, మళ్ళీ ముఖంలోకి చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పట్టుకున్న చేతిని తీసి సబీనా ఒడిలో పెట్టింది.

పచ్చలైటు పడింది. టైర్ల కొట్టు వచ్చేదాకా ఘనీ ఏదో పాట గొణుక్కుంటూనే ఉన్నాడు. కొట్టు ముందు జైనబ్ దిగి, ఘనీకి సలాం చెప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి పోయింది. వాళ్ళన్న లోపలినుంచి గ్రీజు చేతులతో బయటికొస్తున్నాడు.

"తలుపు సరిగ్గా పడలేదమ్మా, గట్టిగా లాగు" అన్నాడు ఘనీ.

సబీనా జైనబ్ కూర్చున్న చోటికి వంగి తలుపు లాగింది. సీటు ఇంకా వెచ్చగా ఉంది.